జేబులో చెయ్యి

రోజూ పొద్దున తొమ్మిదింటికి షాపు తలుపు తీసి, బల్ల మీద దుమ్ము దులిపి, కళ్ళజోడు తుడుచుకుని, ఆ తర్వాత ఎడమచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకునేవాడు మెకానిక్. ఇక మధ్యాహ్నం భోజనం దాకా ఆ చెయ్యి బయటికి వచ్చేది కాదు. విప్పడం, బిగించడం, టంకం పెట్టడం అన్నీ కుడిచేత్తోనే. పాత మానిటర్ల వెనకాల పన్నెండు వేల వోల్టులు కాపురం ఉంటాయి. ఒక చేత్తో ముట్టుకుంటే చాలావరకు చురుక్కుమనిపించి వదిలేస్తాయి. రెండు చేతులూ పెడితే మాత్రం ఈ చేతిలో ఎక్కి ఆ చేతిలో దిగుతాయి, దారిలో గుండె ఉంటుంది. ఆ పనిలో ఉన్నవాళ్ళని ఎవరినడిగినా ఇదే చెబుతారు. కాకపోతే మిగతావాళ్ళు మూత బిగించాక చెయ్యి తీసేస్తారు. ఇతను బస్సు ఎక్కేటప్పుడు కూడా తియ్యడు. అందుకే వీధి వీధంతా అతన్ని జేబుచెయ్యి అనేది.

తన నీడకు తానే జడుసుకునే మనిషి. మెట్లు దిగుతూ లెక్కపెట్టుకునేవాడు, నిన్న పన్నెండు ఉన్నవి ఇవాళ పదకొండు అయిపోతాయేమోనని. గ్యాసు కట్టేశానా లేదా అని సగం దారిలోంచి ఇంటికి తిరిగొచ్చేవాడు. "ఆ భయానికి కూడా వారానికో రోజు సెలవివ్వండి, అలిసిపోయి ఉంటుంది పాపం" అనేది భార్య. అతను నవ్వేవాడు కాదు. నవ్వితే ఏమవుతుందోనని భయం.

అయినా పనిలో అతన్ని మించినవాడు లేడు. ముప్పై, నలభై ఏళ్ళనాటి ఇంటి కంప్యూటర్లు పోగేసుకునే పిచ్చి కొందరికి ఉంటుంది కదా, వాళ్ళంతా మానిటర్లు మోసుకుని అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆ మానిటర్లు ఒకప్పుడు ఎవరి ఇళ్ళలోనో ఉన్నవి. ఆ ఇళ్ళవాళ్ళు వాటికి ఏవేవో చేసి పెట్టారు. ఒకదానికి పక్కన బెజ్జం, ఒకదానికి వెనకాల ఇంకో స్విచ్, ఒకదాని లోపల సైకిలు గంట. అవి ఎందుకు పెట్టారో కనిపెట్టి, పీకేసి, కంపెనీలోంచి వచ్చినట్టు చేసిపెట్టడం అతని పని. "ఊరికే ఎవడూ బెజ్జం కొట్టడు" అనేవాడు. పక్కన బెజ్జం పిల్లికి వెచ్చగా ఉండటానికి. లోపలి అంచుల్లో దాని వెంట్రుకలు దొరికాయి. రెండో స్విచ్ వెలుతురు సగానికి తగ్గించడానికి, ఆ గదిలో చంటిపిల్ల నిద్రపోయేది కాబట్టి. సైకిలు గంట, మానిటరు మరీ వేడెక్కినప్పుడు వంటింట్లో ఉన్న ముసలావిడకి వినపడటానికి. ఇలాంటివన్నీ ఒక లావుపాటి నోటుబుక్కులో రాసుకునేవాడు. ఎడమవైపు చేసిన మార్పు, కుడివైపు కారణం.

మూడు వందల పైచిలుకు మార్పుల్లో ఒక్కదానికే కారణం లేదు. మొదటి పేజీలో మొదటి వరుస: "మానిటరు లోపల తీగ, తీగ చివర ఇత్తడి వేలితొడుగు." దర్జీలు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకుంటారే, అలాంటిది. దానికి ఎదురుగా ప్రశ్నార్థకం. ఆ మానిటరు అటక మీద గుడ్డ కప్పుకుని ఉండేది. ఎవరడిగినా అమ్మేవాడు కాదు. రెండేళ్ళకోసారి దించి, లోపల ఎండిపోయిన కెపాసిటర్లు మార్చి, మళ్ళీ పైన పెట్టేసేవాడు. స్విచ్ మాత్రం వేసేవాడు కాదు.

ఆ ప్రశ్నార్థకం అబద్ధం. దాని సంగతి అతనికి ముప్పై మూడేళ్ళుగా తెలుసు.

ఆ రోజు పదకొండింటికి బస్సు కండక్టరు ఒకామె షాపులోకి వచ్చింది. యూనిఫాం మీదే ఉంది, టికెట్ల సంచి భుజాన వేలాడుతోంది. డ్యూటీ మధ్యలో దిగి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"జేబుచెయ్యి అంటే మీరేనాండీ?"

"అది పేరు కాదమ్మా, ఎగతాళి. చెప్పండి."

"మా ఆయన గుండె మసకేస్తోందండీ."

వేరేవాళ్ళయితే ఆసుపత్రికి తీసుకెళ్ళమనేవాళ్ళు. మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టి, "వెనకాల నాబ్ ఎంతవరకు తిప్పారు?" అన్నాడు.

"చివరిదాకా. ఇంక తిరగట్లేదు."

మెకానిక్ స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. ఆమె భర్త అయిన ఈత మాస్టారి గుండె మానిటర్లో ఉంటుందన్న సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే, అందులో వింతేమీ లేదు. ఆ వీధిలో కరెంటు తియ్యాల్సి వస్తే లైన్‌మన్ ముందురోజే వచ్చి చెప్పి, ఒక బ్యాటరీ దించి పోతాడు. పక్కింటివాళ్ళు కొత్త ఫ్రిజ్ పెట్టుకునేటప్పుడు కూడా "మాస్టారికి కరెంటు ఏమీ తగ్గదు కదా?" అని అడిగి పెట్టుకున్నారు. మెకానిక్ ఒక్కడే ఆ మానిటరు ఊసెత్తేవాడు కాదు. ఆ వీధిలోంచి వెళ్ళే బస్సు ఎక్కేవాడు కాదు.

"నేను ఇళ్ళకి రానమ్మా. మానిటరు ఇక్కడికే తేవాలి."

"ఎలా తెస్తామండీ? ఇంత మసకలో బ్యాటరీ చాలదు, ప్లగ్గు తీస్తే ఆయన పోతారు." ఆమె టికెట్ల సంచి వెనక్కి తోసుకుంది. "నిన్నటిదాకా పిల్లలకి ఈత నేర్పాడు. పొద్దున మంచం దిగలేకపోయాడు. మా అత్తయ్య పోయేముందు ఒకటే చెప్పింది. తెర మసకబారితే ఇంకెవరి దగ్గరికీ వెళ్ళొద్దు, జేబులో చెయ్యి పెట్టుకుని ఉంటాడు, అతని దగ్గరికే వెళ్ళమని. అతను రాడేమో అని కూడా అంది."

"రాడేమో అందా?"

"అంది. అయినా అడుగు అంది."

మెకానిక్ గోడ వంక చూశాడు, నోటుబుక్కు వంక చూశాడు, చివరికి అటక వంక చూశాడు. ఒక్కచేత్తో ఆ మానిటరు దించడం కుదరదు. ముప్పై మూడేళ్ళుగా భార్యని పిలిచి దింపించేవాడు. ఇవాళ కండక్టరమ్మ కుర్చీ ఎక్కి దించింది.

బస్సులో ఆమె మానిటర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డ్రైవరు అద్దంలోంచి చూసి, "మాస్టారికేనా?" అన్నాడు. ఆమె తలూపింది. అతను మధ్యలో రెండు స్టాపులు ఆపకుండా పోనిచ్చాడు. దిగాల్సినవాళ్ళు కూడా ఏమీ అనలేదు. మెకానిక్ కిటికీ పక్కన కూర్చుని, దారిలో బస్సు చెడిపోతే బాగుండునని కోరుకున్నాడు. వెంటనే ఆ కోరికకి తనే జడుసుకుని నాలిక కరుచుకున్నాడు.

మూడో అంతస్తు, నలభై ఎనిమిది మెట్లు. తలుపు తియ్యగానే ఎదురుగా గూట్లో ఉంది అది. లేతగోధుమరంగు డబ్బా, పన్నెండంగుళాల తెర, ఆకుపచ్చ గీత. ఒకప్పుడు లేతచిగురులా మెరిసే రంగు, ఇప్పుడు ఉడికిన ఆకు రంగులోకి దిగిపోయింది. గీత మధ్యలో చిన్న మిట్ట లేచింది. కాసేపు ఆగింది. తర్వాత వెంటవెంటనే రెండు మిట్టలు.

మెకానిక్ గుమ్మం దాటలేకపోయాడు. టక్... టక్ టక్. అతని గురువుగారు ఏదైనా ఆలోచించేటప్పుడు స్క్రూడ్రైవర్ పిడితో బల్ల మీద అలాగే కొట్టేవాడు. ఒకటి, ఆగి రెండు. ఆ చప్పుడు వినక ముప్పై మూడేళ్ళయింది. ఇప్పుడు చప్పుడు లేకుండా కళ్ళకి కనిపిస్తోంది.

"రండి రండి, బయటే ఆగిపోయారేం? మా ఆవిడ చెప్పులకి కూడా టికెట్ అడుగుతుందని భయమా?" మంచం మీంచి ఈత మాస్టారు నవ్వాడు. భుజాలు చూస్తే ఇల్లు మోసేలా ఉన్నాడు, పెదాలు మాత్రం నీలంగా ఉన్నాయి. వాళ్ళమ్మ పోలికే. నవ్వు మాత్రం గురువుగారిదే.

"మీ ఆయనకి కంగారు లేదే?" అన్నాడు మెకానిక్ మెల్లగా.

"ఆయనకి భయమన్నదే పుట్టలేదండీ" అంది కండక్టరమ్మ. అందులో గర్వం కన్నా విసుగే ఎక్కువగా ఉంది. "రోజూ తెల్లారగానే కొలనుకి వెళ్ళి, అన్నిటికన్నా పై బల్ల ఎక్కి, కళ్ళు మూసుకుని పరుగెత్తి దూకేస్తాడు. కింద ఏముందో చూడు, గోడ మీద నోటీసు పెడతారు అదైనా చదువు అంటే వినడు. గుండె ఇంట్లో ఉంది, ఒంటికేమవుతుంది అంటాడు."

"నిజమే కదండీ!" అన్నాడు మాస్టారు. దగ్గొచ్చింది. గీత సన్నగా వణికింది.

మెకానిక్ ఎడమచెయ్యి జేబులో ఇంకా లోపలికి తోసుకుని పని మొదలుపెట్టాడు. ముందు పైపై మార్పులు. స్విచ్ ఉండాల్సిన చోట సీసామూత అతికించి ఉంది. పొరపాటున కూడా ఎవరూ ఆపకూడదని. గోడలోకి రెండు వైర్లు, రెండు ప్లగ్గులు, ఒకటి పక్కింటి మీటరుది. ఒక దాంట్లో పోతే రెండోది అందుకుంటుందని. వెనకాల మూడో నాబ్, ఏదో పాత రేడియోలోంచి తీసింది. తెర అరిగిపోతున్న కొద్దీ దాని బలం పెంచడానికి. నాబ్ చుట్టూ పెన్సిలు గీతలు, ఒక్కో గీత పక్కన ఒక్కో ఏడాది, వాళ్ళమ్మ రాసినవి. చివర్లో చేతిరాత మారింది. కండక్టరమ్మది. ఆఖరి గీత తర్వాత చోటు లేదు.

"ఈ తెర ఎన్నాళ్ళొస్తుందండీ?" అంది ఆమె గొంతు తగ్గించి.

"రోజుల్లెక్క కాదమ్మా. సాయంత్రం దాకా వస్తే గొప్ప." అబద్ధం చెబుదామనుకున్నాడు గానీ భయంలో నిజమే వచ్చేసింది.

ఆమె గోడ పట్టుకుని నిలబడింది. మాస్టారికి వినపడకూడదని వంటింట్లోకి వెళ్ళి, అక్కడ కొళాయి తిప్పి, కాసేపటికి మొహం తుడుచుకుని వచ్చింది.

వెనక మూత విప్పాడు. లోపల వేడి, కాలిన దుమ్ము వాసన. తెర వెనకాల గాజుగొట్టం పక్కనుంచి ఒక తీగ, దాని చివర ఇత్తడి తొడుగు. అచ్చం తన అటక మీదిదానికి ఉన్నట్టే. గురువుగారు ఒకే రోజు రెండు మానిటర్లు కొని, రెండింటికీ తొడుగులు పెట్టాడు. ఒకటి అప్పటికి, ఇంకోటి ముందుముందుకి.

"మెకానిక్‌గారూ, పని అయ్యాక రేపు కొలను దగ్గరికి రండి" అంటున్నాడు మాస్టారు మంచం మీంచి. "మీలాంటి వాళ్ళకి ఈత నేర్పడమంటే నాకు భలే సరదా. మొదట్లో అందరూ నా మెడ పట్టుకుని వేలాడతారు, రెండో వారానికి..."

చూపుకి అడ్డమొస్తోందని మెకానిక్ ప్లాస్టిక్ పుల్లతో ఆ తీగని కాస్త పక్కకి జరిపాడు. పని అలవాటు. ఎవరి మానిటరైనా వేలాడే తీగని ముందు పక్కకి జరుపుతాడు. తొడుగు వెళ్ళి లోపలి రేకుకి తగిలింది.

గీత చదునైపోయింది.

మాట ఆగిపోయింది. మాస్టారు నోరు తెరిచే ఉంది, చెయ్యి గాల్లోనే ఉంది, కళ్ళు తెరుచుకుని ఎటూ చూడటం లేదు. కండక్టరమ్మ అరవబోయి అరవలేకపోయింది. మెకానిక్ చెయ్యి కొయ్యబారిపోయింది. పుల్ల కదపాలని తెలుసు, కదలడం లేదు. ఎంతసేపో తెలీదు, మూడు క్షణాలో, ముప్పై మూడేళ్ళో. చివరికి పుల్ల దానంతటదే వణికి, ఆ వణుకుకే తొడుగు రేకుని వదిలింది.

ఒక మిట్ట. ఆగి, రెండు.

"...చేపలైపోతారు" అన్నాడు మాస్టారు. "ఏంటలా చూస్తున్నారు ఇద్దరూ?"

మెకానిక్ పుల్ల కింద పెట్టేసి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. కండక్టరమ్మ వెనకాలే వచ్చింది. అతను కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు, ఒక్కచేత్తోనే. పారిపోదామనిపించింది. నలభై ఎనిమిది మెట్లు, ఆ తర్వాత వీధి, ఆ తర్వాత బస్సు. ముందొకసారి పారిపోయినవాడే కనక ఎలాగో బాగా తెలుసు.

"ఆ గుండె కొట్టుకునే తీరు మా గురువుగారిదమ్మా. అంటే మీ మావగారిది" అన్నాడు.

"తెలుసండీ. అత్తయ్య చెప్పింది. ఒంటరిగా చెయ్యబోయి పోయారని."

"ఒంటరిగా ఎందుకు చేశాడో చెప్పిందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎనిమిది నెలల పిల్లాణ్ణి షాపుకి తెచ్చి బల్ల మీద గుడ్డలో పడుకోబెట్టాడు. గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది, డాక్టర్లు ఆశ వదిలేశారు. ఇందులోకి ఎక్కిస్తే కరెంటు మీద నడుస్తుందన్నాడు. బరువుపనిరా, ఒక్కడివల్ల కాదు, నేను పిల్లాడి గుండె మీద చెయ్యి వేస్తాను, నువ్వు ఆ తొడుగులో వేలు పెట్టి రెండో చేత్తో నా చెయ్యి పట్టుకో అన్నాడు." మెకానిక్ కమ్మీ మీది తుప్పు గోటితో గీకాడు. "మీరే కదా గురువుగారూ, ఒక చెయ్యి ఎప్పుడూ జేబులో ఉండాలన్నారు అన్నాను. ఆయన మాటే ఆయనకి అడ్డం వేశాను. టీ తాగొస్తానని వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి ఒక చెయ్యి పిల్లాడి మీద, ఒక చెయ్యి తొడుగులో, అలాగే కూర్చుని ఉన్నాడు, ప్రాణం లేదు. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, పుట్టాక మొదటిసారి. గురువుగారు ఏమరపాటుగా రెండో చెయ్యి పెట్టాడని ఊరందరికీ చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతున్నాను."

కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. కండక్టరమ్మ అతని మొహంలోకి సూటిగా చూసింది. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. రోజూ బస్సులో వందమంది సాకులు వినే మనిషి ఆమె. ఏది సాకో, ఏది కాదో తెలుసు.

"ఆ కోపం సంగతి తర్వాత" అంది. "ఇప్పుడు పట్టుకుంటారా, మళ్ళీ టీకి వెళ్తారా?"

"భయంగా ఉందమ్మా."

"నాకు లేదా?"

లోపలికి వచ్చారు. అటక మీంచి తెచ్చిన కొత్త మానిటర్ని పాతదాని పక్కన పెట్టి, ముప్పై మూడేళ్ళలో మొదటిసారి స్విచ్ వేశాడు. సన్నటి కూత, తర్వాత తెర నడుమ ఆకుపచ్చ చుక్క, ఆ చుక్క సాగి చదునైన గీత. ఎవరిదీ కాని గీత. పాతదాని తొడుగు జాగ్రత్తగా బయటికి లాగి కండక్టరమ్మకి ఇచ్చాడు. కొత్తదాని తొడుగు తను తీసుకున్నాడు. తొడుగు లోపల అంచున చిన్న అక్షరాలతో గీకి ఉంది. ముప్పై మూడేళ్ళు తుడిచి తుడిచి పెట్టాడు గానీ, లోపలికి ఎప్పుడూ చూడలేదు. కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "ఇద్దరు."

"నాకెందుకు చెప్పట్లేదు, ఏం చేస్తున్నారసలు?" అన్నాడు మాస్టారు మంచం మీంచి. గొంతు నీరసంగా ఉంది.

"కదలకుండా పడుకోండి" అంది భార్య. "ఒక్క పని, జీవితంలో ఒక్కసారి, నేను చెప్పినట్టు చెయ్యండి."

"సరే గానీ మెకానిక్‌గారూ, నాకేమన్నా అయితే ఆ కొలను తాళాలు..."

ఆమె తొడుగులో వేలు పెట్టింది. ఎడమచెయ్యి చాచింది.

మెకానిక్ కుడివేలు తొడుగులో పెట్టాడు. ఎడమచెయ్యి జేబులో ఉంది. రమ్మంటే రాలేదు. పిడికిలి బిగుసుకుపోయింది, లోపల గుడ్డని పట్టుకుని వేలాడుతోంది. చెమట కళ్ళల్లోకి కారుతోంది. గీత వంక చూశాడు. మిట్ట చిన్నదైపోయింది. ఒకటి. చాలాసేపు ఆగింది. రెండు రాలేదు, ఒకటే వచ్చింది. గురువుగారు బల్ల మీద కొట్టి కొట్టి, శిష్యుడు ఇంకా రాలేదేమని ఆగినట్టుంది.

"వస్తున్నానండీ" అన్నాడు మెకానిక్ పైకే, ఎవరితోనో. చెయ్యి లాగాడు. జేబు కుట్లు తెగాయి. ఎండ తగలక పాలిపోయిన ఆ చేతిని కండక్టరమ్మ గట్టిగా పట్టుకుంది.

రెండు తెరల మీదా గీతలు పోయాయి.

ఆ తాళాల మాటే మళ్ళీ ఎత్తబోయిన మాస్టారు సగంలో ఆగిపోయాడు. ఆమె వైపునుంచి బరువు వచ్చింది. షాక్‌లా లేదు, మెట్ల మీద బీరువా మోస్తున్నప్పుడు పైవాడు ఒక్కసారిగా వదిలినట్టుంది. మోకాళ్ళు వంగాయి. ఆమె పళ్ళు బిగించిన చప్పుడు వినపడింది. చెయ్యి వదిలెయ్యమని ఒంట్లో ప్రతి నరమూ అరుస్తోంది. వదిలేస్తే తను బతుకుతాడు, అది బాగా తెలుసు, ఒకసారి బతికాడు కదా. వదల్లేదు. ధైర్యం వచ్చి కాదు. భయం అలాగే ఉంది, గొంతుదాకా ఉంది. దాన్ని పట్టుకునే నిలబడ్డాడు.

ఛాతీ లోపల్నుంచి ఎవరో తట్టారు. ఒకటి. ఆగి, రెండు. పని బాగా చేసినప్పుడు గురువుగారు భుజం మీద తట్టినట్టే ఉంది. ఆ వెంటనే అతని సొంత గుండె, ఎప్పుడూ కుందేలులా కొట్టుకునేది, గబగబా దాని వెనకాల పడింది. రెండూ కలిసి కుడిచేతిలోకి దిగిపోయాయి.

కొత్త తెర మీద చుక్క వెలిగింది. సాగింది. ఒక మిట్ట, ఆగి, రెండు. లేతచిగురు రంగు.

"...మా ఆవిడకి ఇవ్వండి" అని పూర్తిచేశాడు మాస్టారు. లేచి కూర్చున్నాడు. పెదాలు ఎర్రబడ్డాయి. "అదేంటి, చేతులు పట్టుకుని ఏడుస్తున్నారేం ఇద్దరూ?"

పాత మానిటరు తెర నడుమ చుక్క ఒకటి కాసేపు నిలిచి, చిన్నదై, చల్లారిపోయింది. కండక్టరమ్మ గుడ్డ తెచ్చి దాని మీద కప్పింది. మెకానిక్ వెళ్ళబోతుంటే తెర వంక వేలు చూపించింది. "ఇదివరకు లేదు కదండీ, ఇదేంటి?"

రెండు మిట్టల తర్వాత, వాటి వెనకాలే నక్కి నక్కి వచ్చినట్టు, చిన్న వణుకు ఒకటి ఉంది. మెకానిక్ దాన్ని చాలాసేపు చూశాడు. "అది నాదమ్మా" అన్నాడు సిగ్గుగా. "పట్టుకున్నప్పుడు కొంచెం కలిసినట్టుంది. హాని చెయ్యదులెండి." ఆ మాట చెప్పాడు గానీ, హాని చేస్తుందేమోనని ఇంటికెళ్ళాక కూడా భయపడుతూనే ఉన్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున, షాపు తలుపు తీస్తున్న వేళకి ఈత మాస్టారు వచ్చాడు. జేబుల నిక్కరు, భుజాన పొడి తువ్వాలు, కాళ్ళకి చెప్పుల్లేవు. లోపలికి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. మెకానిక్ మంచినీళ్ళిచ్చాడు. గ్లాసు పళ్ళకి తగిలి టకటకలాడింది.

"ఇవాళ కూడా ఎప్పట్లాగే పై బల్ల ఎక్కానండీ" అన్నాడు. "ఇంకా సరిగ్గా తెల్లారలేదు. కళ్ళు మూసుకుని పరుగెత్తాను. చివరికొచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. ఇలా ఎప్పుడూ కాలేదు. ఇదేం రోగమా అనుకున్నాను. కళ్ళు తెరిచి కిందికి చూశాను."

"ఏముంది?"

"ఏమీ లేదండీ. నీళ్ళు లేవు. రాత్రే కడగడానికి తీసేశారట. గోడ మీద నోటీసు కూడా పెట్టారు, వారం నుంచీ ఉందట. అడుగున తెల్ల పలకలు. ఇంతెత్తునుంచి." చెయ్యి పైకెత్తి చూపించబోయి దించేశాడు. "ఎండెక్కేదాకా ఆ చివరే కూర్చుండిపోయాను. నిచ్చెన దిగడానికి అరగంట పట్టింది. ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ దిగాను."

ఆ భయం తనదేనని మెకానిక్‌కి తెలుసు. ఇన్నేళ్ళూ ఎవరికీ పనికిరాదనుకున్న వస్తువు అది. తనకే బరువైనది, భార్యకి నవ్వులాటైనది, ఒక మనిషి ప్రాణం తీసింది. కళ్ళు తడిసిపోయాయి. బల్ల మీదున్న నోటుబుక్కు తెరిచి, మొదటి పేజీ తీసి, ప్రశ్నార్థకం కొట్టేశాడు. దాని పక్కన "ఇద్దరు పట్టుకోవడానికి" అని రాశాడు.

"ఇది తగ్గుతుందాండీ?" అన్నాడు మాస్టారు, చిన్నపిల్లాడిలా. "ఈ భయం?"

"తగ్గదు బాబూ" అన్నాడు మెకానిక్. "అలవాటవుతుంది."

మాస్టారు గ్లాసు కడిగి బోర్లించి, లేచాడు. షాపు ముందు మూడు మెట్లే ఉంటాయి. చివరి మెట్టు దాకా కిందికి చూసుకుంటూ దిగాడు. రోడ్డు దాటేముందు రెండువైపులా చూశాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని, గోడవారగా నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు.